మూడు తూకాల మిర్చి బస్తా పొడుపు: ముందే రాసిపెట్టే పట్టిక కావాలి

కథ ఇదీ: వరంగల్ ఏనుమాముల మార్కెట్ల 12 మిర్చి బస్తాలు. ఒక్కదాని బరువు తేడా. ఎక్కువో తక్కువో తెల్వదు. తరాజు మూడుసార్లే వాడి ఆ బస్తా ఏదో, ఎక్కువో తక్కువో తేల్చాలె. మామూలు జవాబు తెలిసిందే: ముందు 4-4. మొగ్గితే అనుమానం 8 మీద, రెండో తూకంల వాటిని 3, 3, 2గా విడగొట్టాలె. ముందే 5-5 పెట్టినప్పుడు మొగ్గితే అనుమానం 10 మీద మిగుల్తది, రెండు తూకాలు తేల్చేవి తొమ్మిదే.

చిక్కు ఎక్కడంటే, ఈ కథల హమాలీకి మూడు తూకాల చిట్టీ పొద్దున్నే ఇచ్చేయాలె, మధ్యల మార్చొద్దు. ప్రతి బస్తాకు ఎడమ, కుడి, పక్కన అని మూడక్షరాల గుర్తు ఇస్తే 27 వస్తయి. మూడుసార్లూ పక్కనే ఉండేది తీసేస్తే 26, అంటే 13 ఎదురెదురు జంటలు (ఒకదాంట్ల ఎడమ ఉన్నచోట రెండోదాంట్ల కుడి); ఒక్కో బస్తాకు ఒక్కో జంటల నుంచి ఒక్క గుర్తే. ‘ఎడమ-ఎడమ-ఎడమ’ జంటను వదిలితే ప్రతి తూకానికి సరిగ్గా 8 బస్తాలు. (‘పక్కన’ ఉన్న జంటను వదిలితే ఎక్కడో ఒకచోట 9 పడి మొత్తం చెడుతది.) మిగిలిన 12 జంటల్ల, ప్రతి తూకం 4-4 అయ్యేటట్టు దేన్ని తిప్పాలో (ఎడమ కుడి మార్చాలో) తేలుతలేదు: మొదటి రెండు తూకాలు 4-4 అయితే మూడోది 5-3కి పోతున్నది.

తిప్పే వరుస ఎవరికన్నా తెలుసా? పట్టికతోపాటు, గుడ్డిగా వెతకకుండా దాన్ని పట్టే పద్ధతి కూడా చెప్పండి. 13వ బస్తా కలిపితే బస్తా దొరుకుతది గానీ ఎక్కువో తక్కువో ఒక్కోసారి తేలదు, కాబట్టి అది వద్దు.