కియా డీహెచ్‌సీపీ సర్వర్ నడుస్తోంది, అయినా సిస్టమ్‌కి 169.254 అడ్రసే వస్తోంది

కొత్త అడ్మిన్

నమస్కారం అండి. సిస్టమ్‌లు, ప్రింటర్లు కలిపి 110 దాకా ఉన్న నెట్‌వర్క్ ఇది. ఇప్పటిదాకా అన్నిటికీ చేత్తోనే ఐపీ అడ్రస్‌లు కొడుతున్నాం. ఒకే అడ్రస్ రెండు సిస్టమ్‌లకి పడి కనెక్షన్ తెగిపోతోంది కాబట్టి మొత్తాన్ని డీహెచ్‌సీపీకి, అంటే సర్వరే అడ్రస్‌లు పంచే పద్ధతికి, మార్చాలి.

లినక్స్ సర్వర్ మీద కియా అనే డీహెచ్‌సీపీ సాఫ్ట్‌వేర్ వేశాను. నెట్‌వర్క్‌ని రెండు వీల్యాన్‌లుగా, అంటే అవే స్విచ్‌ల మీద రెండు వేరు నెట్‌వర్క్‌లుగా, విడదీశాను. స్టాఫ్‌కి వీల్యాన్ 10, అంటే 192.168.10.0/24. గెస్ట్ వైఫైకి వీల్యాన్ 20, 192.168.20.0/24. రెండింటికీ గేట్‌వే (వేరే నెట్‌వర్క్‌కి వెళ్లే దారి) లేయర్ 3 స్విచ్చే, రెండు చోట్లా చివరి అంకె 1. సర్వర్ వీల్యాన్ 10లో ఉంది.

సర్వీస్ యాక్టివ్ అని చూపిస్తోంది, లాగ్‌లో ఎర్రర్ ఏమీ లేదు. అయినా వీల్యాన్ 10లో పెట్టిన టెస్ట్ ల్యాప్‌టాప్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తోంది. దీనికి కారణం ఏమై ఉంటుంది? అలాగే గెస్ట్ వైఫైకి వేరే సర్వర్ పెట్టాలా, ప్రింటర్ల అడ్రస్ మారకుండా ఏం చెయ్యాలి, లీజ్ టైమ్ (ఇచ్చిన అడ్రస్ వాడుకునే గడువు) ఎంత పెట్టాలి, ఇవి కూడా చెప్పగలరు.

ఈథర్ 67

169.254 అడ్రస్ సర్వర్ ఇచ్చింది కాదండి. ఎంత అడిగినా జవాబు రాకపోతే ల్యాప్‌టాప్ తనంతట తాను పెట్టుకునేది. అంటే కాన్ఫిగ్‌లో ఇచ్చిన రేంజ్ తప్పా ఒప్పా అన్నది తర్వాతి మాట. అడిగినది సర్వర్ దాకా చేరిందా, సర్వర్ చెప్పింది వెనక్కి వెళ్లిందా, ముందు అది తేల్చండి.

మొత్తం వ్యవహారం నాలుగు ప్యాకెట్లే: క్లయింట్ నుంచి డిస్కవర్, సర్వర్ నుంచి ఆఫర్, మళ్లీ క్లయింట్ నుంచి రిక్వెస్ట్, చివరికి సర్వర్ నుంచి యాక్. సర్వర్ యూడీపీ పోర్ట్ 67 మీద వింటుంది, క్లయింట్ 68 మీద. సర్వర్‌లో టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లు చూపే టూల్) నడిపి ఈ రెండు పోర్ట్‌లకే ఫిల్టర్ పెట్టండి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ రిలీజ్, వెంటనే రెన్యూ కొట్టండి.

డిస్కవర్ అసలు కనబడకపోతే తప్పు స్విచ్‌లో ఉంది. పోర్ట్ వేరే వీల్యాన్‌లో ఉండొచ్చు, లేదా ట్రంక్‌లో (చాలా వీల్యాన్‌లని మోసే లింక్‌లో) వీల్యాన్ 10ని అనుమతించి ఉండకపోవచ్చు. స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీ పాత రకానిది నడుస్తుంటే ఇంకో చిక్కు ఉంది: కేబుల్ పెట్టాక పోర్ట్ 15 సెకన్లు లిజనింగ్‌లో, 15 సెకన్లు లెర్నింగ్‌లో ఉంటుంది. ఆ అర నిమిషంలో పంపిన డిస్కవర్‌లన్నీ అక్కడే పోతాయి. సిస్టమ్‌లు తగిలించే పోర్ట్‌లకి పోర్ట్‌ఫాస్ట్ పెట్టండి, ఈ ఆగడం ఉండదు. స్విచ్‌కి స్విచ్‌కి మధ్య ఉన్న పోర్ట్‌లకి మాత్రం పెట్టకూడదు, లూప్ పడితే నెట్‌వర్క్ మొత్తం కూలుతుంది.

డిస్కవర్ వచ్చి ఆఫర్ వెళ్లకపోతే తప్పు కియాలో ఉంది. ఇందులో ఎక్కువగా తగిలేవి రెండు.

ఒకటి, సబ్‌నెట్ (192.168.10.0/24 లాంటి అడ్రస్‌ల ముక్క) ఎంపిక. క్లయింట్ నేరుగా బ్రాడ్‌కాస్ట్ చేసినప్పుడు ఏ సబ్‌నెట్‌లోంచి అడ్రస్ ఇవ్వాలో కియాకి చెప్పేవాళ్లు లేరు. ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ మీద వచ్చిందో చూసి, ఆ ఇంటర్‌ఫేస్ అడ్రస్ ఏ సబ్‌నెట్‌లో పడుతుందో దాన్ని ఎంచుకుంటుంది. సర్వర్‌కి పాత అడ్రస్ ఉండిపోయి కాన్ఫిగ్‌లో 192.168.10.0 రాసి ఉంటే, ఎంచుకోవడానికి సబ్‌నెట్ దొరక్క ప్యాకెట్‌ని వదిలేస్తుంది. మామూలు లాగ్ స్థాయిలో ఇది కనబడదు, డీబగ్‌కి పెంచాలి. మీరు "లాగ్‌లో ఎర్రర్ లేదు" అన్నారు కాబట్టి నా అనుమానం మొదట దీని మీదే.

రెండు, సర్వర్ బూట్ అయ్యేటప్పుడు ఇంటర్‌ఫేస్‌కి అడ్రస్ రాకముందే కియా లేచిపోవడం. అప్పుడు సాకెట్ తెరుచుకోదు, కానీ సర్వీస్ మాత్రం యాక్టివ్ అనే చూపిస్తుంది. రీబూట్ చేస్తే పనిచెయ్యక, సర్వీస్ రీస్టార్ట్ చేస్తే పనిచేస్తుంటే ఇదే. ఇంటర్‌ఫేసెస్-కాన్ఫిగ్ కింద సర్వీస్-సాకెట్స్-మాక్స్-రీట్రైస్ అనే సెట్టింగ్ ఉంది. దానికి 5 లాంటి అంకె ఇస్తే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఫైర్‌వాల్ గురించి ఒక మాట. కియా మామూలుగా రా సాకెట్ వాడుతుంది, అంటే ప్యాకెట్‌ని కార్డ్ దగ్గరే నేరుగా అందుకుంటుంది, అందుకని నేరుగా వచ్చే బ్రాడ్‌కాస్ట్‌లు సర్వర్ ఫైర్‌వాల్ కన్నా ముందే దానికి అందుతాయి. అలాగని పోర్ట్ 67 మూసి ఉంచొద్దు. సాకెట్ రకాన్ని యూడీపీకి మార్చిన రోజున ఆ మూసిన పోర్టే అడ్డుపడుతుంది.

కొత్త అడ్మిన్

చూశానండి. డిస్కవర్ నాలుగుసార్లు వచ్చింది, ఆఫర్ ఒక్కటీ వెళ్లలేదు. సర్వర్ ఇంటర్‌ఫేస్ అడ్రస్ 192.168.1.2గానే ఉంది. అది 192.168.10.2కి మార్చి కియాని రీస్టార్ట్ చేస్తే టెస్ట్ ల్యాప్‌టాప్‌కి 192.168.10.50 వచ్చింది. ఇక గెస్ట్ వైఫై?

గేట్‌వే

రెండో సర్వర్ అక్కర్లేదు. బ్రాడ్‌కాస్ట్ వీల్యాన్ దాటదు, అందుకే మధ్యలో రిలే, అంటే అడిగినదాన్ని సర్వర్‌కి చేరవేసేది, కావాలి. స్విచ్‌లో వీల్యాన్ 20 ఇంటర్‌ఫేస్ కింద హెల్పర్ అడ్రస్‌గా 192.168.10.2 ఇవ్వండి. గెస్ట్ ఫోన్ పంపిన డిస్కవర్‌ని స్విచ్ పట్టుకుని, అందులో రిలే అడ్రస్ గడిలో 192.168.20.1 అని రాసి సర్వర్‌కి పంపుతుంది. కియా ఆ గడి చూసి 20వ సబ్‌నెట్ ఎంచుకుంటుంది. కాన్ఫిగ్‌లో సబ్‌నెట్4 జాబితాలో రెండో సబ్‌నెట్ చేర్చండి. రెండింటికీ వేర్వేరు ఐడీ అంకెలు మీరే ఇవ్వండి, 10, 20 అని పెడితే గుర్తుంటుంది. ఒకసారి ఇచ్చాక ఆ అంకెలు మార్చకండి, లీజ్ రికార్డులు వాటి మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. సర్వర్ ఆఫర్‌ని 192.168.20.1కి పంపాలి కదా, సర్వర్‌కి డిఫాల్ట్ గేట్‌వే లేకపోతే ఆ జవాబుకి దారే లేదు. డిస్కవర్ వస్తూనే ఉంటుంది, ఫోన్‌కి మాత్రం ఏమీ అందదు. సర్వర్‌లో గేట్‌వే 192.168.10.1 ఉందో లేదో చూసుకోండి.

రెండోది వెంటనే బయటపడదు. లీజ్‌లో సగం సమయం గడిచాక క్లయింట్ రెన్యూ అడుగుతుంది. ఆ అడగడం రిలే ద్వారా కాదు, సూటిగా సర్వర్ అడ్రస్‌కే వెళ్తుంది. గెస్ట్ నెట్‌వర్క్ నుంచి స్టాఫ్ నెట్‌వర్క్‌కి అంతా బ్లాక్ చేసే రూల్ పెడతారు, పెట్టాలి కూడా. ఆ రూల్ ఈ రెన్యూని కూడా మింగేస్తుంది. గంట లీజ్ అనుకుంటే 30వ నిమిషం నుంచి జవాబు రాదు. 87.5 శాతం దగ్గర, అంటే 52న్నర నిమిషాలకి, క్లయింట్ బ్రాడ్‌కాస్ట్‌కి మారుతుంది, అది రిలే ద్వారా వెళ్లి గట్టెక్కుతుంది. పని జరుగుతున్నట్టే ఉంటుంది కానీ అంచు మీద నడుస్తున్నట్టు. వీల్యాన్ 20 నుంచి 192.168.10.2 పోర్ట్ 67కి మాత్రం వెళ్లనిచ్చే రూల్ ఒకటి, బ్లాక్ రూల్‌కి పైన పెట్టండి.

డీఎన్ఎస్ (పేర్లకి ఐపీ అడ్రస్‌లు చెప్పేది) విషయంలో కూడా జాగ్రత్త. స్టాఫ్‌కి లోపలి డీఎన్ఎస్ సర్వర్ ఇచ్చి, రెండోదిగా బయటి 8.8.8.8 ఇవ్వొద్దు. మొదటిది పడిపోతేనే రెండోది వాడాలనే నియమం క్లయింట్‌కి లేదు. బయటి దాన్ని అడిగిన ప్రతిసారీ లోపలి పేర్లు లేవనే జవాబు వస్తుంది, అదీ అప్పుడప్పుడు మాత్రమే, పట్టుకోవడం చాలా కష్టం. గెస్ట్‌కి మాత్రం బయటిదే ఇవ్వండి.

పోర్ట్ 24

ప్రింటర్లని చేత్తో వదిలెయ్యకండి, రిజర్వేషన్ పెట్టండి. ప్రింటర్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేసి, దాని మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డ్‌కి ఉండే గుర్తింపు అంకె) ఫలానా ఐపీ అని కియాలో రాస్తే ఎప్పుడూ అదే వస్తుంది. రేపు గేట్‌వేనో డీఎన్ఎస్సో మార్చాల్సి వస్తే ఒక్కో ప్రింటర్ దగ్గరికీ వెళ్లి మెనూ నొక్కే పని తప్పుతుంది. ఫోన్లకి మాత్రం మ్యాక్‌ని నమ్మి రిజర్వేషన్ పెట్టొద్దు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో యాదృచ్ఛిక మ్యాక్ చూపిస్తున్నాయి.

192.168.10.0ని నేనైతే ఇలా పంచుతాను: 1 నుంచి 19 దాకా గేట్‌వే, సర్వర్లు, స్విచ్‌లు, ఇవి చేత్తో. 20 నుంచి 49 రిజర్వేషన్లు. 50 నుంచి 229 పూల్ (సర్వర్ పంచడానికి వదిలినవి), అంటే 180 అడ్రస్‌లు, మీకు హాయిగా సరిపోతాయి. 230 తర్వాతవి ఖాళీగా ఉంచండి. రిజర్వేషన్లు పూల్ బయట ఉంచడమే మేలు, జాబితా చూసినప్పుడు ఏది ఎవరిదో వెంటనే తెలుస్తుంది.

మారే రోజున అసలు ప్రమాదం ఇక్కడుంది. మీ 110లో ఒక ముప్పై సిస్టమ్‌లకి ఇంకా చేత్తో పెట్టిన అడ్రస్‌లే ఉండి, అవి పూల్ మధ్యలో పడితే? కియాకి వాటి సంగతి తెలియదు, అదే అడ్రస్ ఇంకొకరికి ఇస్తుంది. తీసుకున్న క్లయింట్ సరిచూసుకునేదైతే డిక్లైన్ (ఈ అడ్రస్ వద్దు అనే ప్యాకెట్) పంపుతుంది, కియా ఆ అడ్రస్‌ని 24 గంటలు పక్కన పెడుతుంది. సరిచూసుకోనిదైతే పాత గొడవే మళ్లీ. అందుకని ముందు స్విచ్‌లో ఏఆర్పీ పట్టిక (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో చూపేది) తీసి, వాడకంలో ఉన్న అడ్రస్‌లు రాసుకోండి. చేత్తో పెట్టినవి ఎక్కడున్నాయో చూసి, అవి లేని ముక్కనే మొదట పూల్‌గా ఇవ్వండి. ఒక్కో గదీ మారుస్తూ పూల్‌ని పెంచుకుంటూ వెళ్లొచ్చు.

లీజ్ స్టాఫ్‌కి 86400 సెకన్లు, గెస్ట్‌కి 3600.

ఈథర్ 67

స్టాఫ్‌కి ఒక రోజు లీజ్ అన్నది డీహెచ్‌సీపీకి మారిపోయాక సరే, మారే వారం మాత్రం వద్దండి. కొత్త డీఎన్ఎస్ ఇచ్చినా, పూల్ మార్చినా క్లయింట్‌కి తెలిసేది రెన్యూ అప్పుడే. 86400 పెడితే పన్నెండు గంటలు ఆగాలి. మొదటి వారం 1800 పెట్టండి, 15 నిమిషాల్లో ప్రతి మార్పూ అందరికీ చేరుతుంది. అంతా కుదురుకున్నాక పెంచండి. 180 అడ్రస్‌లకి ఆ రెన్యూల భారం లెక్కలోది కాదు.

ఇంకోటి, ప్రతి మార్పు తర్వాత రీస్టార్ట్‌కి ముందు కియా-డీహెచ్‌సీపీ4కి -టీ ఇచ్చి కాన్ఫిగ్ ఫైల్‌ని పరీక్షించండి. ఆ ఫైల్ రాసే జేసన్ ఫార్మాట్‌లో ఒక్క కామా తప్పితే సర్వీస్ లేవదు. ఉన్న లీజ్‌లు గడువు దాకా నడుస్తాయి కాబట్టి వెంటనే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, గడువు తీరుతున్న కొద్దీ ఒక్కొక్కరూ ఆగిపోతారు. కియా-లీజెస్4 సీఎస్‌వీ ఫైల్‌ని ఎప్పుడూ తుడిచెయ్యొద్దు. తుడిస్తే ఎవరికేం ఇచ్చిందో సర్వర్ మర్చిపోయి, ఇచ్చినవే మళ్లీ పంచుతుంది.

కొత్త అడ్మిన్

గెస్ట్‌కి కూడా ఇప్పుడు వస్తోంది. ముందు సర్వర్‌లో గేట్‌వే లేదు, రాకపోవడానికి అదే కారణం. వీల్యాన్ 10లో మాత్రం రెండు వింతలు. ఒక ల్యాప్‌టాప్‌కి 192.168.0.104 వచ్చింది, ఆ సబ్‌నెట్ నేను ఎక్కడా రాయలేదు. ఒకే టెంప్లేట్ నుంచి తీసిన రెండు ఉబుంటు వర్చువల్ మెషీన్లకి మ్యాక్‌లు వేరైనా ఒకే ఐపీ వస్తోంది.

గేట్‌వే

మొదటిది: ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి దాని ల్యాన్ పోర్ట్‌ని మీ గోడ పాయింట్‌కి తగిలించారు. దానిలో కూడా డీహెచ్‌సీపీ ఉంది, ముందు పలికిన ఆఫర్‌నే క్లయింట్ తీసుకుంటుంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఐపీకాన్ఫిగ్ ఆల్ కొడితే డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుసలో ఆ రౌటర్ అడ్రస్ ఉంటుంది. ఏఆర్పీలో దాని మ్యాక్ తీసుకుని స్విచ్ మ్యాక్ పట్టికలో వెతికితే ఏ పోర్ట్‌లో ఉందో దొరుకుతుంది. మళ్లీ జరగకుండా స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చెయ్యండి, ట్రస్ట్ చెయ్యని పోర్ట్‌ల నుంచి వచ్చే ఆఫర్‌లని అది ఆపేస్తుంది. సర్వర్ ఉన్న పోర్ట్‌నీ, స్విచ్‌ల మధ్య లింక్‌లనీ ముందు ట్రస్ట్ చేసి, ఆ తర్వాతే ఆన్ చెయ్యాలి. తిరగేసి చేస్తే మీ సర్వర్ ఆఫర్‌లే ఆగిపోతాయి.

రెండోది: ఉబుంటు మ్యాక్ బదులు మెషీన్-ఐడీ (ఒక్కో సిస్టమ్‌కి ఉండే గుర్తు) నుంచి తయారుచేసిన గుర్తింపుని పంపుతోంది. క్లోన్‌లు కాబట్టి రెండింటిలో అదే ఐడీ. టెంప్లేట్‌లో ఈటీసీ కింద ఉన్న మెషీన్-ఐడీ ఫైల్‌ని ఖాళీ చేసి మళ్లీ క్లోన్ చెయ్యండి, మొదటి బూట్‌లో కొత్తది పుడుతుంది. ఫైల్‌ని తీసెయ్యకండి, లోపలి సరుకు మాత్రమే తుడవండి. ఇప్పుడున్న రెండింటికీ నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్‌ల ఫైల్‌లో) డీహెచ్‌సీపీ-ఐడెంటిఫైయర్ అని రాసి విలువ మ్యాక్ ఇస్తే చాలు, రీబూట్ చేయగానే వేరు వేరు అడ్రస్‌లు వస్తాయి.