మా టీంలో ముగ్గురు సైక్స్‌లు: అందరూ చుట్టాలేనా?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ వచ్చి మూడు వారాలైంది. మా టీంలో ఉన్నదే పన్నెండు మంది, అందులో ముగ్గురి ఇంటిపేరు సైక్స్. ఒకమ్మాయినీ అబ్బాయినీ "మీరు అన్నాచెల్లెళ్ళా?" అని అడిగితే పగలబడి నవ్వారు. తప్పుగా అడిగానా?

——

తప్పేం లేదు తమ్ముడూ. నువ్వు దిగింది ఆ పేరు పుట్టింట్లోనే. ఇక్కడి మాటలో సైక్ అంటే పిల్లకాలువ. దాని పక్కన ఇల్లున్నవాళ్ళు సైక్స్ అయ్యారు. మనకి ఊరి పేరు ఇంటిపేరైనట్టే. ఆదివారం రైలెక్కి స్లేత్‌వెయిట్‌లో దిగు (అక్కడివాళ్ళు "స్లావిట్" అంటారు, బోర్డు చూసి చదివావో దొరికిపోతావు). గట్టెక్కి నడిస్తే గడ్డి కింద జానెడు వెడల్పు నీళ్ళు పారుతుంటాయి, బూటు తడిసేదాకా కనపడవు. అదే సైక్.

ఇలాంటి కాలువలు ఎన్నో ఉన్నాయి కాబట్టి పేరు కూడా చాలాచోట్ల విడివిడిగా పుట్టిందనుకునేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త తన ఇంటిపేరువాళ్ళకే ఉత్తరాలు రాసి, 48 మంది మగవాళ్ళ డీఎన్‌ఏ చూశాడు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ దాదాపు సగం మందిలో ఒకటే! అందరికీ మూలపురుషుడు ఒక్కడే అయ్యుండాలని 2000లో రాశాడు. మరి మిగతా సగం? దత్తతలు, తల్లి ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళు, ఇంకా ఆఫీసులో అడక్కూడని కారణాలు.

అందరూ కాలువ గట్టునే ఉండిపోలేదులే. హల్ రేవులో వర్తకం చేసి గడించిన ఒక సైక్స్ కుటుంబం స్లెడ్‌మియర్‌లో జమీందారులైంది. 1916లో బ్రిటన్, ఫ్రాన్స్ అరబ్బు నేలని పంచుకున్న సైక్స్-పికో ఒప్పందం ఉంది చూడు, అందులో సైక్స్ ఆ ఇంటివాడే.

——

అన్నయ్యగారు చరిత్ర చెప్పేశారు, నేను పనికొచ్చేది చెప్తాను. ఆఫీసులో ఎవర్నీ ఇంటిపేరుతో పిలవకు బాబూ, మేనేజర్నైనా సరే. కానీ డాక్టర్ దగ్గర నిన్ను పిలిచేది మాత్రం ఇంటిపేరుతోనే. కొత్తలో రిసెప్షన్ ఆవిడ మా ఇంటిపేరుని మూడు ముక్కలు చేసి పిలుస్తుంటే, పాపం ఎవరో వినిపించుకోవట్లేదనుకుంటూ పావుగంట కూర్చున్నాను.

——

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. ఇవాళ తెలిసింది ఎందుకు నవ్వారో. ఆ ఇద్దరికీ ఏప్రిల్‌లో పెళ్ళట. ఒకే ఇంటిపేరైతే ఇక్కడ అడ్డే లేదట. నన్నూ పిలిచారు.