దీపావళి కానుకగా ఇక్కత్ దుపట్టాలు: ఆర్డర్‌లో ఏం మార్చాలి?

పర్చేజ్_గచ్చిబౌలి:
అందరికీ నమస్కారం. ఒక లిస్టెడ్ కంపెనీలో కొనుగోళ్లు చూస్తాను. ఈసారి దీపావళికి ఉద్యోగులకు స్వీట్ల డబ్బాల బదులు ఇక్కత్ కాటన్ దుపట్టాలు ఇద్దామన్నారు. వెయ్యికి పైనే కావాలి. మూడు కొటేషన్లు తెప్పించాను. అందరికన్నా తక్కువ రేటు చెప్పినతను ఎన్ని కావాలన్నా మూడు వారాల్లో దింపేస్తానంటున్నాడు. నా అనుమానమంతా అక్కడే.

మా మామూలు ఆర్డర్‌లో 90 రోజులకు పేమెంటు, ఆలస్యమైతే వారానికింత కోత, ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు ఉంటాయి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఇచ్చే బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో చిన్న ఉత్పత్తిదారుల నుంచి నేరుగా ఎంత శాతం కొన్నామో చూపాలి కాబట్టి పైవాళ్లకూ ఇది ఇష్టంగానే ఉంది. నేసినవాళ్ల చేతికి డబ్బు నిజంగా అందాలని నా పట్టుదల. అది చేనేతేనని ఎలా తెలుసుకోవాలి? షరతుల్లో ఏవి మార్చమని మా ఫైనాన్స్ వాళ్లను అడగాలి?

పుట్టపాక_మగ్గం:
నమస్తే అండి. మాది పుట్టపాక, ఇక్కత్ నేసే ఊరు. ఇంట్ల గుంట మగ్గాలున్నయి, అంటే నేలల తవ్విన గుంటల కూసొని నేసేటివి. మూడు వారాలన్న మాట వినంగనే మీకు అనుమానమొచ్చింది చూడండి, అది సరైన అనుమానం.

ఇక్కత్‌ల రంగు ముందు నూలుకే ఎక్కుతది. ఆసు పోసి (నూలును చట్రం మీద చుట్టి), డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రబ్బరు ముక్కలతోటి చిటికి కట్టాలె, అంటే రంగు ఎక్కొద్దన్న చోట నూలును బిగించి కట్టుడు. అద్దినంక విప్పి, ఇంకో రంగుకు మళ్లా కట్టాలె. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. అదంతా అయినంకనే పడుగు (నిలువు పోగులు) పట్టి, అచ్చు అనే దువ్వెన లాంటి చట్రానికి అతికి, మగ్గం ఎక్కించుడు. చిటికి పని చానా ఇండ్లల్ల ఆడవాళ్లదే. కొటేషన్ల నేత కూలి ఒక్కటే రాస్తరు, వాళ్ల పని లెక్కలకే రాదు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: చిటికికి ఎంత ఇస్తున్నరు?

ఇంకోటి. దీపావళి ఆర్డర్లన్నీ శ్రావణం, భాద్రపదంల మా మీద పడ్తయి. అప్పుడు వానలు. అద్దిన నూలు ఆరదు. గుంటల ఊటనీళ్లొస్తే నేత ఆగిపోతది. అట్లాంటి నెలల్ల బిగువు గడువు పెట్టి, పైన వారం వారం కోతంటే సరఫరా చేసేటాయన ఏం చేస్తడు? పవర్‌లూమ్ బట్టో, ఇక్కత్ డిజైన్ అచ్చేసిన బట్టో కలిపి పంపుతడు. మోసం అతనిదే, కానీ ఆ దారి మీ ఆర్డరే చూపిస్తది.

గుర్తుపట్టే సంగతి: అచ్చేసిన బట్ట తిరగేస్తే వెనక రంగు వెలిసినట్టుంటది, పువ్వు అంచు గీసినట్టు తెగుతది. ఇక్కత్‌ల రెండు దిక్కులా ఒకే రంగు, అంచు దగ్గర కొద్దిగ జారినట్టుంటది. పవర్‌లూమ్ మీద నేసిన ఇక్కత్‌ను మాత్రం చేత పట్టుకొని చెప్పుడు కష్టం. హ్యాండ్లూమ్ మార్క్ అడగండి, అది చేనేతకు సర్కారు ఇచ్చే లేబులు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05ల, నూనెల నానబెట్టిన నూలుతోటి నేసే మా తేలియా రుమాలుకు 2020ల జీఐ (ఫలానా ప్రాంతం సరుకన్న గుర్తింపు) వచ్చింది, అదీ అడగండి. కానీ కూలి ఎంత ముట్టిందో ఏ లేబులూ చెప్పదు. ఒకసారి ఊరికి రండి. మీ ఆర్డర్ ఏ మగ్గాల మీద నడుస్తున్నదో కండ్లార చూడొచ్చు, ఇంటామెను కూడా అడగొచ్చు.

రద్దు షరతు తీసేయించండి. ఒక కంపెనీ వాళ్ల లోగో రంగులు అడిగి, నూలు అద్దినంక రంగు మార్చమన్నది. అద్దిన పడుగును మార్చలేం, ఆ రంగులల్ల బయట కొనేటోళ్లు లేరు. ఆ నష్టం పూర్తిగ మా మీదనే పడ్డది.

ఆడిటర్_విజయవాడ:
90 రోజుల షరతు చట్టం ముందు నిలవదండీ. సరఫరాదారు ఉద్యమ్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే) నమోదున్న సూక్ష్మ లేదా చిన్న తరహా ఉత్పత్తి సంస్థ అయితే 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (చిన్న సంస్థల అభివృద్ధి) చట్టం సెక్షన్ 15 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే సెక్షన్ 16 కింద రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలవారీ చక్రవడ్డీ. ఇక ఆదాయపు పన్నులో ఒక నిబంధన (1961 చట్టంలో సెక్షన్ 43బీ(హెచ్)) 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది: గడువులోపు చెల్లించకపోతే ఆ ఖర్చును చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోవాలి. మీ ఫైనాన్స్ వాళ్లకు ముందు ఈ చివరి మాట చెప్పండి, వెంటనే వింటారు.

ఒక జాగ్రత్త: కొని అమ్మే వ్యాపారికి ఉద్యమ్ నమోదున్నా ఈ ఆలస్య చెల్లింపుల రక్షణ వర్తించదు. మధ్యలో వ్యాపారి ఉంటే మీరు అతనికి రేపే ఇచ్చినా నేతగాడికి ఎప్పుడు ముడుతుందో మీ చేతిలో ఉండదు. అందుకే నమోదున్న సహకార సంఘం నుంచో, నేతగాళ్ల ఉత్పత్తి సంస్థ నుంచో నేరుగా కొనడం మేలు.

స్టోర్స్_విశాఖ:
తక్కువ కోట్ వదిలేస్తే మీ ఇంటర్నల్ ఆడిట్ అడుగుతుంది, నాకూ అనుభవమే. కొటేషన్లు మళ్లీ పిలవండి. నూలు, అద్దకం, చిటికి, నేత కూలి విడివిడిగా రాయాలనీ, మగ్గాలు చూపించాలనీ ముందే షరతు పెట్టండి. అప్పుడు అందరూ ఒకే సరుకుకు రేటు ఇస్తారు. వివరాలు ఇవ్వనివాళ్లను పక్కన పెట్టడానికి ఫైలులో కారణం ఉంటుంది.

పర్చేజ్_గచ్చిబౌలి:
చాలా థాంక్సండీ. కొటేషన్లు మళ్లీ పిలుస్తున్నాను, రద్దు షరతు తీసేయడానికి మా మేనేజర్ ఒప్పుకున్నారు. పుట్టపాక గారూ, అడ్వాన్సు ఎంత ఉండాలి? గడువు ఎలా రాయమంటారు?

పుట్టపాక_మగ్గం:
నూలుకు, రంగులకు సరిపోయేంత అడ్వాన్సు ఉంటే మేం అప్పు తేవాల్సిన పని పడదు. మిగతాది విడతలుగ పెట్టండి: దించిన సరుకుకు ఆ విడతలనే డబ్బు. నిషేధించిన అజో రంగులు (హానిచేసే రసాయన రంగులు) వాడలేదని ల్యాబు పరీక్ష కావాలంటే దాని ఖర్చు ఆర్డర్‌లనే మీ పేరున రాయండి, సంఘం మీద పెట్టకండి.

గడువు సంగతికొస్తే, వెయ్యి దుపట్టాలూ ఒక్క పండుగకే కావాలంటే ఇప్పుడు నిజాయితీగ ఏ ఊరూ ఇయ్యలేదు. దీపావళికి కొందరికి, సంక్రాంతికి మిగతావాళ్లకు అని పంచండి. వచ్చే ఏడాదికి మాత్రం ఎండాకాలంలనే రంగులు ఖాయం చేసి చెప్పండి, వానలు పడకముందే అద్దకం అయిపోతది.