దించిన కారు బంపర్ కింద రబ్బరు గార్డు: పనికొస్తుందా, డబ్బు దండగా?

బైరాగిపట్టెడ బండి:
నా సెడాన్‌కు లోయరింగ్ స్ప్రింగులు, అంటే బండి ఎత్తు తగ్గించేవి, వేసి ఉన్నాయి. చూడ్డానికి బాగుంది, నడపడానికీ బాగుంది, గొడవంతా ముందు బంపర్‌తోనే. అడుగున రెండు చివర్లా పెయింటు లేచిపోయి నల్ల ప్లాస్టిక్ కనబడుతోంది. ఒక షెడ్డులో లిప్ గార్డు, అంటే బంపర్ అడుగు అంచుకు అతికే రబ్బరు పట్టీ, అతికించుకోమన్నారు, ఇంకో షెడ్డులో అది శుద్ధ దండగ, ఒరిజినల్ స్ప్రింగులు వేసెయ్ అన్నారు. ఎవరి మాట వినాలి? ఎత్తు పెంచుకో అని చెప్పేవాళ్లు కారణం కూడా చెప్పండి, ఊరికే తిట్టొద్దు.

షెడ్డు మనిషి:
గార్డే వేయించు తమ్ముడూ. అది ఉండేదే అరగడానికి. అరిగితే పీకి కొత్తది అతికిస్తాం, అదే బంపర్ గీరుకుంటే పుట్టీ, ప్రైమర్, పెయింటు, పైగా రంగు షేడ్ కలవలేదని మళ్లీ మాతోనే పంచాయితీ. కాకపోతే అతికించే పద్ధతి ఒకటుంది. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, పెయింటు పోయి ప్లాస్టిక్ బయటపడిన చోట మామూలు డబుల్ సైడ్ టేప్ సరిగ్గా పట్టదు. స్పిరిట్‌తో తుడిచి, టేపు పట్టేలా చేసే ప్రైమర్ పూసి, అది ఆరాక గట్టిగా నొక్కి అతికించాలి. అతికించిన రోజే వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్తే ఊడకుండా ఎట్టుంటుంది? వీహెచ్‌బీ లాంటి మంచి టేపు కూడా పూర్తి పట్టుకు రావడానికి 72 గంటలు పడుతుంది. చివర్లు లేవకుండా బండి అడుగున ఉండే కవరు (అండర్‌ట్రే) స్క్రూలు ఉన్న చోటే ఒకటి బిగిస్తే సరి, కొత్త చిల్లులు వద్దు.

పాత గేరు:
షెడ్డన్న చెప్పింది అతికించడం గురించి. అసలు అతికించాలా అన్నది కదా ప్రశ్న! గార్డు మందం ఒకటిన్నర సెంటీమీటరు అనుకుందాం. టైరు నేలకు ఆనే చోటు నుంచి బంపర్ అంచు దాకా 60 సెం.మీ., అంచు ఎత్తు 14 సెం.మీ. ఉంటే బండి తగలకుండా ఎక్కగలిగే వాలు 13 డిగ్రీలు. గార్డు వేశాక అది 12కు కూడా ఆగదు. అంటే ఇప్పుడు తగలని చోట కూడా రేపు తగులుతుంది, అది చూసి మనం "అబ్బా, గార్డు ఎంత కాపాడిందో" అని మురిసిపోతాం.

షెడ్డు మనిషి:
ఒక డిగ్రీకి ఇంత రాద్ధాంతమా స్వామీ. తగిలితే తగలనీ, తగిలేది రబ్బరే కదా.

కాణిపాకం రూటు:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. బుల్ గార్డులు నిషేధం, 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. గార్డు పెట్టుకుంటే ఫైన్ పడుతుంది, జాగ్రత్త.

పాత గేరు:
అది బంపర్ ముందు బిగించే ఇనుప గార్డు గురించి అన్నా. ఇది అడుగున అతికే రబ్బరు బీడింగ్, రెండింటికీ సంబంధం లేదు. చట్టం మాటే కావాలంటే గార్డు కన్నా ముందు స్ప్రింగులు చూడాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా దించి ఉంటే క్లెయిము దగ్గర ఇంకో పేచీ.

బైరాగిపట్టెడ బండి:
ఇన్సూరెన్స్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, బంపర్ మార్పించుకుని క్లెయిము చేస్తే పోలేదా?

పాత గేరు:
మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు. దాని మీద తప్పనిసరి మినహాయింపు అని కొంత మన జేబులోంచే పెట్టుకోవాలి, పైగా ఇన్నాళ్లు కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ పోతుంది. గీతల కోసం ఎవరైనా బోనస్ పోగొట్టుకుంటారా? తరుగుదల కోయని జీరో డెప్ పాలసీ ఉంటే ఆ బాధ తప్పుతుంది, బోనస్ మాత్రం పోయేదే.

అలిపిరి మలుపు:
నాకు ఈ గార్డుల గొడవే అర్థం కాదు, సగం గీతలు నడిపే తీరు వల్లే వస్తాయి. మనవాళ్లు స్పీడ్ బ్రేకర్ మీదకు వచ్చేదాకా బ్రేకు తొక్కిపెట్టే ఉంటారు. బ్రేకు మీద ఉన్నంతసేపు బండి ముక్కు కిందికి వంగి ఉంటుంది, సరిగ్గా అప్పుడే గడ్డ మీదకు ఎక్కిస్తారు. ముందే వేగం తగ్గించుకుని, ఎక్కే ముందు బ్రేకు వదిలేస్తే ముక్కు పైకి లేస్తుంది, ఆ లేచిన కాస్తే చాలు. ఐమూలగా ఒక చక్రం తర్వాత ఇంకోటి ఎక్కించమంటారు, అదీ మంచిదే గానీ మన తిరుపతి లీలామహల్ సెంటర్ దగ్గర సాయంత్రం పూట బండి అడ్డం తిప్పి చూడండి, వెనక ఆటోలవాళ్లు ఏం కూస్తారో! ఇంకోటి, నిండా జనాన్ని ఎక్కించుకుని కొండకు పోయేటప్పుడు వెనక భాగం దిగి ముక్కు కొంచెం లేస్తుంది, అప్పుడు తగిలేది బంపర్ కాదు, నడిమి కడుపు. దానికి మీ లిప్ గార్డు ఏం చేస్తుంది?

షెడ్డు మనిషి:
కడుపు సంగతి వేరే టాపిక్. అడిగింది బంపర్.

పాత గేరు:
అలిపిరి అన్న చెప్పిన బ్రేకు మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలత ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉంటుంది. దాని అంచున వాలు ఆరు డిగ్రీల చిల్లర. పైన చెప్పిన కొలతల బండి బ్రేకు మీద లేకుండా మెల్లగా ఎక్కితే ముక్కు దానికి తగలనే తగలదు, గార్డు ఉన్నా లేకపోయినా. తగిలేవన్నీ వీధిలో ఎవరికి వాళ్లు సిమెంటుతో పోసుకున్న గడ్డలు, ఇంటి ముందు కాలువ మీద వేసుకున్న ర్యాంపులు. తమ్ముడూ, నీకు తగిలేది ఎక్కడ? రోడ్డు మీదా, ఇంటి దగ్గరా?

బైరాగిపట్టెడ బండి:
ఎక్కువగా ఇంటి దగ్గరే. టేపు పెట్టి కొలిచాను, అడుగు ఎత్తుకు మూడున్నర అడుగుల పొడవుంది ర్యాంపు.

పాత గేరు:
అది 16 డిగ్రీల వాలు. ఒరిజినల్ స్ప్రింగులు వేసినా ఆ ర్యాంపుకు చాలుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆరడుగుల పొడవు చేస్తే తొమ్మిదిన్నర డిగ్రీలకు వస్తుంది, గార్డుతో సహా ఎక్కేస్తుంది. శాశ్వతంగా సిమెంటుతో రోడ్డు మీదకు పోయొద్దు, పక్కింటివాళ్లతోనూ మున్సిపాలిటీతోనూ తలనొప్పి. తీసి పక్కన పెట్టుకునే రబ్బరు ర్యాంపు ముక్కలు దొరుకుతాయి, చెక్కతోనైనా చేయించుకోవచ్చు.

కాణిపాకం రూటు:
ఇంత రామాయణం ఎందుకు, పెయింటు మీద అతికే పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్మ్ వేయిస్తే పోదా? గీతలు ఎండకే మాయమవుతాయంట.

షెడ్డు మనిషి:
మాయమయ్యేవి పైపై గీతలు. హైవే మీద ఎగిరొచ్చే చిన్న రాళ్లకు ఫిల్మ్ మంచిదే, సిమెంటు అంచు గీరితే ఫిల్మ్ చినిగిపోయి కింద పెయింటు కూడా లేస్తుంది. అంత ఖరీదైన దాన్ని అరగడానికి వాడతారా ఎవరైనా?

అలిపిరి మలుపు:
ర్యాంపు మాట తేలింది కాబట్టి నేను కూడా సగం ఒప్పుకుంటా. గార్డు వేసుకో, కానీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వేయొద్దు. పెయింటు లేచింది రెండు చివర్లా అని నువ్వే చెప్పావు, మధ్యలో మందం పెంచుకోవడం దేనికి?

పాత గేరు:
చివర్లకు మాత్రమే అయితే నాకు అభ్యంతరం లేదు. మూడు మిల్లీమీటర్ల ముక్కలు చాలు, అప్పుడు నా డిగ్రీల లెక్క కూడా పెద్దగా మారదు.

షెడ్డు మనిషి:
మూడు మిల్లీమీటర్లు తొందరగా అరిగిపోతాయి, అయిదు పెట్టు. తెచ్చుకుంటే నేనే వేసిస్తా, కాకపోతే బండి తెల్లారి పూట చల్లగా ఉన్నప్పుడు తీసుకురా. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బంపర్ మీద ప్రైమర్ నేను పూయను.