బెల్లాజియోలో కూర్చుని తినడం దండగా?

గోదారోడు:
సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ వెళ్ళినప్పుడు ఒక రోజు కోమో సరస్సుకి కేటాయించాం. మిలాన్ నుంచి వరెన్నాకి రైల్లో గంట, అక్కణ్ణుంచి బెల్లాజియోకి పావుగంట ఫెర్రీ. సరస్సు రెండు పాయలుగా చీలే చోట, సరిగ్గా ఆ ముక్కు మీదే ఉంటుంది ఊరు. అందానికి వంక పెట్టను. తిండి దగ్గరే ఒళ్ళు మండింది. రేవు పక్కన చప్పటి పిజ్జా, పైగా బిల్లులో మనిషికి మూడు యూరోలు 'కోపెర్తో' అట. కూర్చున్నందుకు డబ్బులా! నా సలహా ఒకటే: పులిహోర కట్టుకెళ్ళండి, విల్లా మెల్జీ తోట చూసి తిరుగు ఫెర్రీ ఎక్కండి. కాదనేవాళ్ళు చెప్పండి.

లెక్కో లక్ష్మి:
నేను కాదంటాను తమ్ముడూ. పిజ్జా నేపుల్స్‌ది. దాన్ని ఆల్ప్స్ కింద, అదీ రేవు పక్కన తిని ఊరిని తిడితే ఎలా? కోపెర్తో ఇటలీలో చాలా చోట్ల ఉంటుంది, మెనూలో రాసే ఉంటుంది.

ఇక్కడ అడగాల్సింది మిస్సోల్తీని. అగోనె అనే సరస్సు చేపకి ఉప్పు పట్టించి, ఎండబెట్టి, మధ్యమధ్య బిర్యానీ ఆకులాంటి ఆకులు వేస్తూ రేకు డబ్బాల్లో పొరలుగా అణిచి పెడతారు. తర్వాత కాల్చి, వెనిగర్ చల్లి, పొలెంటాతో పెడతారు. పొలెంటా అంటే మొక్కజొన్న సంకటే. ఎండుచేప, సంకటి! "దీనికోసం ఇంత దూరం రావాలా" అని మా అత్తగారు నవ్వారు. నవ్వుతూనే మారు వడ్డించుకున్నారు.

వెల్లుల్లి వద్దు:
లక్ష్మి గారూ, మాలాంటి శాకాహారుల సంగతేంటి? రిసొట్టో అని వాళ్ళ ముద్దన్నం ఉంటుంది కదా, అందులో కూరగాయలే అన్నారు. తీరా తిన్నాక తెలిసింది, ఉడికించింది మాంసం రసంలో అని.

లెక్కో లక్ష్మి:
అది నిజమే అండీ, 'బ్రోదో', అంటే ఆ ఉడికించే రసం, దేనితో చేశారో ముందే అడగాలి. సరస్సుకి ఉత్తరాన ఉన్న వాల్తెల్లీనా లోయ నుంచి వచ్చిన పిజ్జోక్కెరి ఉంది: బక్‌వీట్ పాస్తా, బంగాళాదుంప, క్యాబేజీ, వెన్న, చీజ్. వెల్లుల్లి కూడా వేస్తారు, మీ పేరు చూసి చెబుతున్నా! చీజ్ విషయంలో పట్టింపుంటే ఇంకా జాగ్రత్త. పార్మెజాన్ చీజ్‌కి పాలని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తోనే విరగ్గొడతారు.

వెల్లుల్లి వద్దు:
అయితే గోదారోడు గారి పులిహోరకే నా ఓటు.

కడప కారం:
నాది మధ్యస్థం. పెర్చ్ చేప రిసొట్టో తిన్నాను, వెన్నలో వేయించిన ముక్కలు పైన పేర్చి ఇచ్చారు. చేప అద్భుతం, అన్నం మాత్రం పలుకు. అదే సరైన ఉడుకట! ఇంకోటి, మెనూలో పేరు పక్కన నక్షత్రం గుర్తుంటే సాధారణంగా అది ఫ్రోజెన్ సరుకని అర్థం. సరస్సు చూస్తూ ఫ్రీజర్ చేప తినడానికి నాకు మనసొప్పదు. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటగదులు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడు తర్వాతే. గోదారోడు అన్నా, నువ్వెన్నింటికి వెళ్ళావు?

గోదారోడు:
మూడుంబావుకి. ఆ పిజ్జా కొట్టొక్కటే తెరిచుంది. సరే, ఎండుచేప సంగతి నాకెవరూ చెప్పలేదు. అక్కా, ఆ డబ్బాలు కొని ఇండియా తెచ్చుకోవచ్చా? వాసనకి సూట్‌కేసు పాడవుతుందా?