ర్యాంకు జారుతోంది: ఆట పోయిందా, లెక్క తప్పిందా?

ఆర్కేబీచ్_ర్యాలీ:
వైజాగ్‌లో ప్రాక్టీసు, టెన్నిస్ ఏటీపీ (పురుషుల ప్రపంచ ర్యాంకింగ్) సింగిల్స్‌లో మొన్నటిదాకా 600 దరిదాపుల్లో ఉన్న కుర్రాడు. వరుసగా ఐదు ఎం15 (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో కింది మెట్టు) టోర్నీల్లో మొదటి రౌండులోనే ఇంటిముఖం. ర్యాంకు 750 దాటింది. ఇక్కడ బాగానే కొడుతున్నాడు, బెంగళూరు వెళ్తే బంతులన్నీ బేస్‌లైన్ బయటే. ఫామ్ పోయినట్టేనా? టోర్నీలు ఎలా ఎంచుకోవాలి?

డ్యూస్‌కోర్టు:
ముందు అతని పాయింట్ల పట్టిక తీసి, ఏ సోమవారం ఎన్ని రాలుతున్నాయో రాసుకోండి. పాయింటుకు ఆయుష్షు 52 వారాలే. నిరుడు ఎం25 (ఎం15కి పైమెట్టు) గెలిచి ఉంటే ఆ 25 పాయింట్లూ ఒక్క రోజులో పోతాయి. ఎం15లో క్వార్టర్స్‌కి వెళ్తే దక్కేది 2. అంటే పన్నెండు క్వార్టర్ ఫైనళ్లు ఆడినా ఆ గొయ్యి పూడదు. మన ఆటగాడు సుమిత్ నాగల్‌నే చూడండి. 2024లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బుబ్లిక్‌ని ఓడించి, చెన్నై చాలెంజర్ (ఎం25 కన్నా పై స్థాయి టోర్నీ) గెలిచి, జులైకి 68వ ర్యాంకు. ఆ పాయింట్లు రాలిపోయాక 2025లో మళ్లీ వంద బయటికి.

ఇంకో మాట. ఎంట్రీ గడువు టోర్నీ సోమవారానికి 18 రోజుల ముందు గురువారం, మన టైము రాత్రి 7:30. మానుకోవాలంటే 13 రోజుల ముందు మంగళవారం, అదే టైముకి. రాలే వారాలు ముందే తెలిస్తేనే ఈ తేదీలు పనికొస్తాయి.

గట్‌కట్టేవాడు:
బెంగళూరు సంగతికీ ఫామ్‌కీ సంబంధం లేదండీ. అది సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. గాలి పలచన, బంతి ఆగదు. మన దగ్గర తేమకి ఫెల్ట్ (బంతి పైనుండే నూగు గుడ్డ) బరువెక్కి బంతి నెమ్మదిస్తుంది. ఇక్కడ గీత లోపల పడే షాటే అక్కడ బయటికి పోతుంది. రాకెట్ తీగల బిగింపు, అదే టెన్షన్, ఒక కిలో పెంచి చూడండి, 22 ఉంటే 23. పాలిస్టర్ స్ట్రింగు మొదటి రోజే చాలా పట్టు వదిలేస్తుంది, కాబట్టి వైజాగ్‌లో బిగించుకుని వెళ్లడం దండగ. రీలు పట్టుకెళ్లి, మ్యాచ్ ముందురోజు సాయంత్రం అక్కడే బిగించాలి.

స్వింగు మాత్రం ముట్టుకోవద్దు. బంతి లోపల పడాలని ఫాలోత్రూ (బంతిని కొట్టాక రాకెట్ ముందుకు సాగే ఊపు) కుదించేస్తారు కొందరు కోచ్‌లు. తిరిగి వైజాగ్ వచ్చేసరికి అదే బంతి నెట్‌లో.

సిరిపురం_లెక్కలు:
ఎం15 మెయిన్ డ్రాలో మొదటి రౌండు ఓడితే వచ్చేది 156 డాలర్లు, పన్ను ముందు. ఒక్క వారానికి వెళ్లి రావడమంటే విమానం టిక్కెట్టుకే చాలదు. మూడు వారాలు ఒకే ఊళ్లోనో, రాత్రి రైలు దూరంలోనో జరిగేవి చూసుకోండి, నాలుగో వారం ఖాళీ ఉంచండి. శుక్రవారానికే చేరాలి, మ్యాచ్ ముందురోజు దిగితే పైన చెప్పిన టెన్షన్ సర్దుకునే వ్యవధే ఉండదు.

ఆర్కేబీచ్_ర్యాలీ:
థాంక్స్ అందరికీ. భుజం నొప్పి కూడా ఉంది. కొన్నాళ్లు ఆపేస్తే ర్యాంకు కాపాడుకోవచ్చా?

డ్యూస్‌కోర్టు:
కనీసం ఆరు నెలలు ఆడకుండా ఉంటేనే ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్‌కి (గాయంతో ఆగినవాడు పాత ర్యాంకుతో ఎంట్రీ పొందే వీలు) అర్హత. తిరిగొచ్చాక అది పనిచేసేది తొమ్మిది టోర్నీలు లేదా తొమ్మిది నెలలు, ఏది ముందైతే అది. ఎంట్రీకే పనికొస్తుంది, సీడింగ్‌కి కాదు, రాలిన పాయింట్లూ తిరిగి రావు. మధ్యలో "ఎలా ఉందో చూద్దాం" అని ఒక్క టోర్నీ ఆడినా ఆరు నెలల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ముందు స్కాన్ తీయించండి.