అప్‌డేట్: జర్మనీ బ్లూ కార్డ్ గడువు దాటినా ఉద్యోగం ఆగలేదు

నా బ్లూ కార్డు (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస, ఉద్యోగ అనుమతి) గడువు ముగుస్తోంది, విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకట్లేదు, పని ఆపేయాలేమోనని హెచ్‌ఆర్ వాళ్లు అంటున్నారని అప్పట్లో ఇక్కడ అడిగాను. సమాధానం ఇచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా ఒక్కటే: అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా, గడువులోపే ఆన్‌లైన్‌లో అప్లై చేసి రసీదు దాచుకోవడం. అలా చేస్తే నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతే, ఉద్యోగంతో సహా, కొనసాగుతుంది. దీనికి రుజువుగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే మడత కాగితం ఇస్తారు.

అది చేతికి రాగానే టిక్ ఎక్కడ పెట్టారో చూడండి. నాకు జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ క్లాజు గడిలో పెట్టారు. దాంతో హెచ్‌ఆర్ ఒప్పుకున్నారు, ఇండియా వెళ్లి రావడానికీ అడ్డు లేదు. టిక్ 3వ క్లాజులో ఉంటే మాత్రం దేశం దాటొద్దు, ఆ కాగితంతో తిరిగి రానివ్వరు.

డిగ్రీ మూల్యాంకనం, జర్మన్ సర్టిఫికెట్ గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాను, రెండూ అడగలేదు. జీతం స్లిప్పులు, కంపెనీ లెటర్, ఇన్సూరెన్స్ కాగితం చూశారంతే. కొత్త కార్డు నిన్న వచ్చింది.